జన్యు రిపోర్టు చేతికొచ్చాక: వయసుతో మారే ముప్పు, ఒక్క సిట్టింగ్‌తో ముగిసే కౌన్సెలింగ్

క్లుప్తంగా: వంశపారంపర్యంగా క్యాన్సర్, గుండెజబ్బు, నరాల జబ్బు వచ్చే ముప్పు ఉందో లేదో చెప్పే జన్యు పరీక్షలు ఇప్పుడు కాస్త రక్తమో ఉమ్మో ఇస్తే అయిపోతున్నాయి. పరీక్షకు ముందొకసారి, ఫలితం వచ్చాక ఒకసారి మాట్లాడి పంపేయడం చాలాచోట్ల పద్ధతిగా స్థిరపడింది. జన్యువు మారకపోయినా, దాని వల్ల వచ్చే ముప్పు లెక్క వయసును బట్టి మారుతుంది. చేయాల్సిన పని మారుతుంది. ఒక్కోసారి రిపోర్టుకు అర్థమే మారిపోతుంది. కౌన్సెలింగ్‌ను పరీక్షకు కాకుండా జీవిత దశలకు ముడిపెట్టాలన్న వాదన ఇందుకే బలపడుతోంది.

ఒకే ఇంట్లో తల్లికి 46 ఏళ్లు, కూతురికి 22 అనుకుందాం. ఇద్దరి రిపోర్టులోనూ ఒకటే ముక్క: బీఆర్‌సీఏ1 జన్యువులో హానికరమైన మార్పు ఉంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే మార్పు ఇది. తల్లి విషయంలో దీనర్థం, అండాశయాలు తీయించుకునే ఆపరేషన్‌ను ఇక వాయిదా వేయడం మంచిది కాదని. కూతురు ఈ ఏడాది చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. కానీ పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు, స్కానింగ్‌లు ఏ వయసు నుంచి అన్న ప్రశ్నలన్నీ ఇక ఈ ఒక్క విషయాన్ని కలుపుకొనే వస్తాయి. ఇద్దరినీ ఒకే గంట కూర్చోబెట్టి ఒకే చార్టు చూపిస్తే తల్లికి ఆలస్యంగా, కూతురికి మరీ ముందుగా చెప్పినట్టవుతుంది.

## పాజిటివ్ అంటే జబ్బు కాదు

జన్యు పరీక్షల విషయంలో ఎక్కువ గందరగోళం ఇక్కడే. షుగర్ పరీక్షలోనో, ఇన్‌ఫెక్షన్ పరీక్షలోనో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టు. ముందస్తు జన్యు పరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బు రాగల అవకాశం మామూలు కన్నా ఎక్కువని మాత్రమే. ఎంత ఎక్కువన్నది జన్యువును బట్టి ఉంటుంది.

ఒక కొసన హంటింగ్టన్ జబ్బు ఉంది. మెదడులోని కణాలు క్రమంగా దెబ్బతిని కదలికలు, జ్ఞాపకం, స్వభావం మారిపోయే ఈ జబ్బుకు కారణం ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క పదేపదే రావడం. 40 సార్లు లేదా అంతకు మించి వస్తే, మనిషి మామూలు ఆయుష్షు బతికినంత కాలంలో జబ్బు రావడం దాదాపు ఖాయం. 36 నుంచి 39 మధ్య ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. రెండో కొసన హిమోక్రొమటోసిస్ ఉంది. శరీరంలో ఇనుము పేరుకుపోయే ఈ సమస్యకు కారణమైన మార్పులు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినా, అందులో చాలామంది, ముఖ్యంగా మహిళలు, ఏ ఇబ్బందీ లేకుండానే బతికేస్తారు. రక్తంలో ఇనుము చూసుకుంటూ, పెరిగితే కొంత రక్తం తీయించుకుంటే సరిపోతుంది.

బీఆర్‌సీఏ జన్యువులు ఈ రెంటికీ మధ్య ఉంటాయి. దాదాపు పది వేల మంది మహిళలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారికి 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 72 శాతం, బీఆర్‌సీఏ2 ఉన్నవారికి 69 శాతం. అండాశయ క్యాన్సర్‌కు ఇవే అంకెలు 44, 17.

72 శాతం అన్న అంకె వినగానే మనసులో మిగిలేది అంకె మాత్రమే, ‘80 ఏళ్లలోగా’ అన్న భాగం జారిపోతుంది. నిజానికి ఇది జీవితమంతా కూడుకుంటూ వచ్చే మొత్తం. పాతికేళ్ల వయసులో రాబోయే అయిదేళ్ల ముప్పు చాలా చిన్నది. రొమ్ము క్యాన్సర్ ముప్పు బీఆర్‌సీఏ1లో నలభై దగ్గరపడే దాకా, బీఆర్‌సీఏ2లో యాభై దగ్గరపడే దాకా వేగంగా పెరిగి, ఆ తర్వాత ఏటా ఇంచుమించు ఒకే స్థాయిలో కొనసాగుతుంది. అండాశయ క్యాన్సర్ నలభై లోపు అరుదు. కాబట్టి మనిషికి కావాల్సింది జీవితకాలపు అంకె కాదు, ‘ఈ వయసు నుంచి వచ్చే అయిదు, పదేళ్లలో ఎంత’ అన్న అంకె. అది అయిదేళ్లకోసారి కొత్తగా లెక్కగట్టాల్సిందే.

## ఒక్క సిట్టింగ్ పద్ధతి ఎలా వచ్చింది

జెనెటిక్ కౌన్సెలింగ్ అన్న పేరు పెట్టింది అమెరికా జన్యు శాస్త్రవేత్త షెల్డన్ రీడ్, 1947లో. డీఎన్ఏ నిర్మాణం అప్పటికింకా తెలియదు. ఒక బిడ్డ లోపంతో పుడితే తర్వాతి బిడ్డకు అదే వచ్చే అవకాశం ఎంతో వంశ చరిత్ర చూసి లెక్కగట్టి చెప్పడమే అప్పటి పని. అంతకుముందు దశాబ్దాల్లో అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో మేలుజాతి పేరుతో లక్షలాదిమందికి బలవంతంగా సంతానం లేకుండా చేశారు. ఆ చరిత్ర నుంచి దూరంగా ఉండాలని ఈ వృత్తి ఒక నియమం పెట్టుకుంది: సమాచారం ఇవ్వాలి, నిర్ణయం మాత్రం వాళ్లకే వదిలేయాలి. పిల్లలను కనాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ నియమం సరిగ్గా సరిపోతుంది. అండాశయాలు ఎప్పుడు తీయించుకోవాలన్న ప్రశ్నకు ‘మీ ఇష్టం’ అని చెప్పి ఊరుకుంటే అది సాయం కాదు.

రెండో మలుపు హంటింగ్టన్ జబ్బుతో వచ్చింది. ఆ జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని 1983లో తేలింది, 1993లో జన్యువే దొరికింది. వెనిజులాలో మారకైబో సరస్సు చుట్టుపక్కల కుటుంబాలు ఇచ్చిన రక్త నమూనాలు ఇందుకు ఆధారమయ్యాయి. ఆ పరిశోధనను ముందుండి నడిపినవారిలో నాన్సీ వెక్స్‌లర్ ఒకరు. ఆమె తల్లి చనిపోయింది కూడా ఇదే జబ్బుతో.

పరీక్ష రాకముందు జరిపిన సర్వేల్లో ముప్పున్నవారిలో ఎక్కువమంది చేయించుకుంటామన్నారు. తీరా వచ్చాక, దేశాన్ని బట్టి సుమారు 5 నుంచి 20 శాతం మందే ముందుకొచ్చారు. నయం చేసే మందు లేని జబ్బు గురించి ముందే తెలుసుకోవడం అందరికీ మేలు చేయదని దీన్నిబట్టి అర్థమైంది. ఫలితం విని ఎవరైనా తట్టుకోలేకపోతే ఎలా అన్న భయం కూడా ఉండేది. అందుకే పరీక్షకు ముందు రెండు మూడు సిట్టింగ్‌లు, మానసిక స్థితి పరిశీలన, ఫలితం ముఖాముఖి చెప్పడం అన్న పద్ధతి వచ్చింది. 1999లో వెలువడిన అంతర్జాతీయ సర్వేలో, ఫలితం తెలుసుకున్న 4,527 మందిలో ఆత్మహత్య, ఆత్మహత్యాయత్నం లేదా మానసిక చికిత్సకు ఆస్పత్రిలో చేరడం దాకా వెళ్లినవారు 44 మంది, అంటే ఒక శాతం లోపు. భయపడినంత జరగలేదు, అలాగని అసలు జరగకుండానూ లేదు.

క్యాన్సర్ జన్యువులు 1990లలో దొరికినప్పుడు ఇదే పద్ధతిని కుదించి వాడుకున్నారు. ఇప్పుడు పదుల జన్యువులను ఒకేసారి చూసే ప్యానెల్ పరీక్షలొచ్చాక అది ఇంకా కుదించుకుపోయింది. మొదటి నుంచీ శ్రద్ధంతా పరీక్షకు ముందున్న దశ మీదే. ఫలితం తర్వాతి నలభై ఏళ్లకు ఎవరూ ప్రణాళిక వేయలేదు, ఎందుకంటే అప్పట్లో ఆ నలభై ఏళ్లలో చేయగలిగింది పెద్దగా లేదు.

## చిన్నప్పుడు చెప్పాలా, పరీక్షించాలా

ఈ రెండూ వేర్వేరు విషయాలు. చిన్నప్పుడే చేయాల్సిన పని ఉంటేనే పిల్లలకు పరీక్ష చేయాలన్నది వైద్య సంఘాలు చాలావరకు అంగీకరించిన సూత్రం. పెద్దపేగులో వందల కొద్దీ పాలిప్స్ (క్యాన్సర్‌గా మారగల చిన్న బుడిపెలు) వచ్చే వంశపారంపర్య జబ్బు ఉన్న కుటుంబంలో పరీక్ష పది, పన్నెండేళ్లకే అవసరం, ఎందుకంటే పేగు స్కోపీ అప్పటినుంచే మొదలుపెట్టాలి. ఆర్ఈటీ అనే జన్యువులో కొన్ని తీవ్రమైన మార్పులుంటే, క్యాన్సర్ రాకుండా థైరాయిడ్ గ్రంథిని మొదటి ఏడాదిలోనే తీసేయమంటారు. వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. అలాంటి పిల్లలకు ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే స్టాటిన్ మందులు మొదలుపెడతారు. బీఆర్‌సీఏ, హంటింగ్టన్ విషయంలో మాత్రం పిల్లలు పెద్దవాళ్లై తామే నిర్ణయించుకునే దాకా ఆగమంటారు.

పరీక్ష ఆగినా మాట ఆగనక్కర్లేదు. అమ్మకు ఆపరేషన్ ఎందుకైందో, తాతయ్య చేతులు ఎందుకలా కదులుతున్నాయో పిల్లలు ఎలాగూ గమనిస్తారు. వయసుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ పోవడమే కౌన్సెలర్లు సాధారణంగా ఇచ్చే సలహా. చాలా కుటుంబాల్లో జరిగేది దీనికి వ్యతిరేకం: పద్దెనిమిదేళ్లదాకా దాచి, ఒకరోజు మొత్తం ముందు పెట్టేయడం.

## ఇరవైలు, ముప్పైలు: నిర్ణయాలన్నీ ఒక్కసారే

అన్నిటికన్నా చిక్కైన దశ ఇది. చదువు, ఉద్యోగం, తోడు, పిల్లలు అన్నీ ఈ పదిహేనేళ్లలోనే తేలాలి, జన్యు ముప్పు అన్నిట్లోనూ వేలు పెడుతుంది. పైగా ఇదే వయసులో చాలామంది ఆస్పత్రి ముఖం చూడరు. అంటే అవసరం ఎక్కువున్న దశలోనే కౌన్సెలింగ్‌తో సంబంధం తెగిపోతుంది.

పరీక్ష చేయించుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా హక్కే. కానీ అది కుటుంబంలో ఇంకొకరి హక్కుతో ఢీకొంటుంది. తాతకు హంటింగ్టన్ జబ్బు ఉంది, తండ్రి పరీక్ష వద్దనుకున్నాడు, కొడుకు చేయించుకుంటానంటున్నాడు. కొడుక్కి పాజిటివ్ వస్తే, తండ్రికీ ఉన్నట్టు తేలిపోతుంది. ఆయన రక్తం ఎవరూ తీయలేదు, సంతకమూ అడగలేదు. ఇలాంటి చోట్ల కౌన్సెలర్ పని లెక్కలు చెప్పడం కాదు, తండ్రీ కొడుకులను ఒక గదిలో మాట్లాడుకునేలా చేయడం.

రెండోది తోడుకు చెప్పడం. ఎప్పుడన్నదానికి నియమం లేదు. మరీ ముందు చెబితే వెళ్లిపోతారేమోనని భయం, ఆలస్యమైతే దాచారన్న మాట పడాలి.

మూడోది పిల్లలు. మార్పు ఉన్న ప్రతి తల్లి లేదా తండ్రి నుంచి ఒక్కో బిడ్డకు వెళ్లే అవకాశం 50 శాతం, బీఆర్‌సీఏకైనా హంటింగ్టన్‌కైనా. సహజంగా కనడం, గర్భంలో పరీక్షించడం, ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి మార్పు లేనిదాన్ని ఎంచుకోవడం, దత్తత, పిల్లలు వద్దనుకోవడం అన్నీ దారులే. పిండాలను పరీక్షించే పద్ధతితో మొదటి పిల్లలు పుట్టింది 1990లో. ఇందులో ఒక ఉపాయం చెప్పుకోదగ్గది. తన సంగతి తెలుసుకోవడం ఇష్టం లేని మనిషి కూడా బిడ్డకు ముప్పు లేకుండా చూసుకోవచ్చు. జబ్బున్న తాత లేదా అమ్మమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమ్ భాగం ఉన్న పిండాలను పక్కన పెట్టేస్తారు. ఆ భాగంలో జబ్బు జన్యువు నిజంగా ఉందా లేదా అన్నది చూడరు. అమ్మానాన్నల రహస్యం రహస్యంగానే ఉంటుంది. కొన్ని మంచి పిండాలనూ వదులుకోవాల్సి రావడం దీనికి చెల్లించే మూల్యం.

ఆపరేషన్ల విషయానికొస్తే, బయట జరిగే చర్చ అసలు ప్రాధాన్యాన్ని తలకిందులు చేసింది. నటి ఏంజెలీనా జోలీ 2013లో తనకు బీఆర్‌సీఏ1 మార్పు ఉందని, ముందుజాగ్రత్తగా రొమ్ములు తీయించుకున్నానని రాశారు. ఆ తర్వాత పరీక్షలకు వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. బీఆర్‌సీఏ అంటే రొమ్ము ఆపరేషన్ అన్న అభిప్రాయమూ పాతుకుపోయింది. కానీ రొమ్ము విషయంలో రెండో దారి ఉంది: 25 ఏళ్ల నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి దానికి తోడు మమోగ్రామ్. క్యాన్సర్ వచ్చినా తొలిదశలో దొరికే అవకాశం ఎక్కువ. అండాశయానికి అలాంటి నమ్మదగిన స్కానింగ్ లేదు. అందుకే వైద్యులు గట్టిగా చెప్పేది అండాశయాలు, ఫలోపియన్ నాళాలు తీయించుకోమనే: బీఆర్‌సీఏ1లో 35 నుంచి 40 మధ్య, బీఆర్‌సీఏ2లో 40 నుంచి 45 మధ్య, పిల్లలు కలిగాక. జోలీ కూడా 2015లో ఆ రెండో ఆపరేషన్ చేయించుకున్నారు, దాని మీద జరిగిన చర్చ మాత్రం తక్కువ.

ఈ ఆపరేషన్‌తో నెలసరి హఠాత్తుగా ఆగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత, దాంపత్యంలో ఇబ్బందులు ఒక్కసారే మొదలవుతాయి. పాతికేళ్ల వయసులో రిపోర్టుతో పాటు విన్న ఈ జాబితా పదేళ్ల తర్వాత గుర్తుండదు. అవసరమైనప్పుడు మళ్లీ చెప్పేవాళ్లుండాలి.

## టెన్షన్ తగ్గుతుంది, మళ్లీ వస్తుంది

ఫలితం విన్న మొదటి వారాల్లో ఆందోళన పెరిగి, ఏడాదిలోగా చాలామందిలో మామూలు స్థాయికి వస్తుందని అధ్యయనాలు పదేపదే చూపాయి. ‘కౌన్సెలింగ్ అయిపోయింది’ అనుకోవడానికి ఇదొక కారణం. అయితే ఆ అధ్యయనాలు అడిగింది ఎక్కువగా మొదటి ఏడాది గురించే. పైగా సగటు తీస్తే ఎత్తుపల్లాలు కనిపించవు.

ఆందోళన మళ్లీ లేచే సందర్భాలు ఊహించలేనివి కావు. ప్రతి స్కానింగ్‌కు ముందు వారం రోజులు. పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్య సమస్య లించ్ సిండ్రోమ్ ఉన్నవారికి ఇరవైల నుంచే ఏడాదికో రెండేళ్లకో పేగు స్కోపీ ఉంటుంది, అంటే ఇలాంటి వారాలు జీవితంలో పదులకొద్దీ. తల్లికో తండ్రికో జబ్బు బయటపడిన వయసు తనకూ వచ్చినప్పుడు. అక్కకు జబ్బు తేలినప్పుడు. తన బిడ్డకు పద్దెనిమిది నిండినప్పుడు. హంటింగ్టన్ కుటుంబాల్లో చేతిలోంచి గ్లాసు జారినా ‘ఇదేనా మొదలు’ అన్న అనుమానం. తేదీలు దాదాపు ముందే తెలిసిన ఈ సందర్భాలకు ఒక ఫోన్ కాల్ చాలాసార్లు సరిపోతుంది. బీఆర్‌సీఏ కౌన్సెలింగ్‌ను ఫోన్లో చేసినా ఫలితం ముఖాముఖికి తీసిపోదని అమెరికాలో చేసిన, 2014లో వెలువడిన ట్రయల్ చూపింది. కాబట్టి అడ్డంకి సాంకేతికమైనది కాదు.

నెగటివ్ వచ్చినవారిని దాదాపు అందరూ మర్చిపోతారు. అన్నకూ చెల్లికీ వచ్చి తనకు రాకపోతే ఉపశమనంతో పాటు తప్పు చేసినట్టు అనిపించడం ఈ కుటుంబాల్లో మామూలే.

వయసు మీరాక ప్రశ్న మళ్లీ మారుతుంది. తల్లికో తండ్రికో హంటింగ్టన్ ఉండి, తాను అరవై దాటినా లక్షణాలేమీ లేకపోతే, పుట్టినప్పుడు 50 శాతమున్న ముప్పు అప్పటికి బాగా తగ్గినట్టే. ఈ వయసులో పరీక్షకొచ్చేవారు తమ కోసం రారు, పిల్లలకూ మనవలకూ ఒక సమాధానం ఇవ్వడానికి వస్తారు. జన్యువును తామే అందించామన్న బాధ అప్పుడే బయటికొస్తుంది.

## రిపోర్టు ఒకరిది, సమాచారం ఇంటిల్లిపాదిదీ

కుటుంబంలో ఒకరికి మార్పు దొరికితే, దగ్గరి బంధువులకు అదే ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు. ఇది చవక, కచ్చితం. అయినా ముప్పున్న బంధువుల్లో సగం మంది కూడా పరీక్షకు రావడం లేదని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. కారణం సులభంగానే ఊహించవచ్చు: కబురు చెప్పే బాధ్యతంతా అప్పుడే జబ్బు తేలిన మనిషి మీద పెడుతున్నారు. ఆపరేషన్ గదికి వెళ్లబోతున్న మహిళ పదేళ్లుగా మాటల్లేని పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి జన్యువుల గురించి చెప్పాలి.

తండ్రి వైపు కబురు ఇంకా తక్కువగా చేరుతుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ అంటే ఆడవాళ్ల జబ్బు కాబట్టి తల్లి నుంచే వస్తుందనుకుంటారు. బీఆర్‌సీఏ మార్పు తండ్రి నుంచీ అంతే సమానంగా వస్తుంది. మగవారికీ ముప్పు లేకపోలేదు, ముఖ్యంగా బీఆర్‌సీఏ2లో ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

మనిషి చెప్పడానికి ఒప్పుకోకపోతే డాక్టర్ చెప్పవచ్చా? 2020లో ఇంగ్లండ్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో, తండ్రి తన హంటింగ్టన్ జబ్బు సంగతి గర్భిణి అయిన కూతురికి చెప్పవద్దన్నాడు, వైద్యులు చెప్పలేదు. కూతురు కేసు ఓడిపోయింది. కానీ తండ్రి గోప్యతనూ కూతురి ప్రయోజనాన్నీ తూచి చూడాల్సిన బాధ్యత వైద్యులకు ఉంటుందని కోర్టు గుర్తించింది.

బీమా సంగతి టూకీగా. అమెరికాలో 2008 నాటి చట్టం జన్యు సమాచారంతో ఆరోగ్య బీమా, ఉద్యోగం విషయంలో వివక్ష చూపకుండా అడ్డుకుంటుంది, జీవిత బీమాకు మాత్రం వర్తించదు. కెనడా 2017లో ఇంకా విస్తృతమైన చట్టం చేసింది. చాలా దేశాల్లో స్పష్టత లేదు. పరీక్షకు ముందే మాట్లాడుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి.

## రిపోర్టే మారిపోతే

జన్యువులో కనిపించిన మార్పును 2015 నుంచి ల్యాబులు అయిదు మెట్లలో చెబుతున్నాయి, హానికరం నుంచి హాని లేనిది దాకా. మధ్య మెట్టు ‘ఇప్పుడే చెప్పలేం’. ఎక్కువ జన్యువులు చూసే కొద్దీ ఇలాంటివి ఎక్కువ దొరుకుతాయి. ఇప్పటిదాకా పోగైన డేటా ఎక్కువగా యూరప్ మూలాలున్నవారిది కావడంతో, మిగతా జనాభాల్లో ఈ మధ్య మెట్టు రిపోర్టులు ఇంకా ఎక్కువ. ఏళ్లు గడిచి డేటా పెరిగాక వర్గం మారిన వాటిలో అత్యధికం హాని లేనివిగానే తేలుతున్నాయి. కొన్ని మాత్రం హానికరం వైపు వెళ్తాయి. మధ్య మెట్టు రిపోర్టు చూసి భయంతో ఆపరేషన్ చేయించుకున్నవారికి తర్వాత వచ్చే ‘హాని లేదు’ అన్న కబురు ఎలాంటి ఊరటా ఇవ్వదు. అందుకే ఆ మెట్టు మీద ఆధారపడి ఆపరేషన్ వద్దని మార్గదర్శకాలు చెబుతాయి.

నెగటివ్‌లోనూ రెండు రకాలున్నాయి. కుటుంబంలో దొరికిన మార్పు తనకు లేదంటే అది నిజమైన ఊరట. కుటుంబంలో ఏ మార్పూ దొరకకుండా తనకు నెగటివ్ వస్తే, ఇంట్లో ముగ్గురికి క్యాన్సర్ వచ్చిన చరిత్ర అలాగే నిలబడి ఉంటుంది. రెంటికీ కాగితం మీద అదే మాట.

దీర్ఘకాలం వెంట ఉండే పద్ధతి కొత్తదేమీ కాదు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రి పాలిప్స్ కుటుంబాల రిజిస్ట్రీని 1920లలోనే మొదలుపెట్టింది. ఉత్తర యూరప్ దేశాలూ తర్వాత అదే చేశాయి. వంశవృక్షం రాసుకుని, పిల్లలకు వయసు రాగానే కబురు పంపి పిలిచి పరీక్షించడమే ఆ రిజిస్ట్రీల పని. అలా పిలిస్తే వచ్చినవారిలో, లక్షణాలు కనిపించాక తామే వచ్చినవారి కన్నా పెద్దపేగు క్యాన్సర్ చాలా తక్కువగా కనిపించింది. నెదర్లాండ్స్ 1994 నుంచి రెండు దశాబ్దాలు అధిక కొలెస్ట్రాల్ కుటుంబాలను ఇలాగే వెతికి పట్టుకుంది. రెండు చోట్లా జరిగింది ఒకటే: కబురు చెప్పే పని రోగి చేతుల్లోంచి ఒక వ్యవస్థ చేతుల్లోకి వెళ్లింది. గోప్యత పేరుతో దీన్ని వ్యతిరేకించేవారి అభ్యంతరంలో నిజం ఉంది. పేర్లు, చుట్టరికాలు, జబ్బులు ఒకేచోట ఉన్న జాబితా బయటికి పొక్కితే నష్టం ఒక్కరితో ఆగదు.

రిపోర్టుకు అర్థం మారినప్పుడు ఎవరు కబురు చేయాలన్నది ఇంకా తేలలేదు. అమెరికా, యూరప్‌లలోని వైద్య జన్యుశాస్త్ర సంఘాలు 2019లో ఇచ్చిన సూచనల్లో దీన్ని వైద్యులు, ల్యాబు, రోగి పంచుకోవాల్సిన బాధ్యతగా చెప్పాయి. ఆచరణలో ల్యాబు కొత్త రిపోర్టును పరీక్ష రాసిన డాక్టరుకు పంపుతుంది. ఆ డాక్టర్ వేరేచోటికి వెళ్లి ఉండవచ్చు, రోగి ఫోన్ నంబర్ మారి ఉండవచ్చు. అందుకే ఇప్పటి పరిస్థితుల్లో మార్పు పేరు అక్షరం అక్షరం రాసి ఉన్న అసలు రిపోర్టును దాచుకోవడం, కొన్నేళ్లకోసారి, పెళ్లి, గర్భం, ఆపరేషన్ లాంటి నిర్ణయాల ముందు తప్పనిసరిగా, దాన్ని మళ్లీ ఒక జెనెటిక్ కౌన్సెలర్‌కు చూపించడం పాజిటివ్ వచ్చినవారూ, మధ్య మెట్టు దగ్గర ఆగిపోయినవారూ తామే పెట్టుకోవాల్సిన పనులు.